కుంపటిలో నీలిమంట

ఉద్యోగ విరమణకు ముందటి సంవత్సరం ఎనిమిదవ తరగతిలో జాతీయాలు బోధిస్తున్నాను. 'వేరు కుంపటి పెట్టుకొను', 'గుండెలమీద కుంపటి' అని నల్లబల్లపై వ్రాసి అర్థాలు అడిగితే పిల్లలు చకచకా చెప్పారు. ఒకటి వేరుకాపురమన్నారు, రెండవది తీరని దిగులన్నారు. ఇంతలో వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "సార్, అసలు కుంపటి అంటే ఏంది?" అని అడిగింది. తరగతి మొత్తంలో కుంపటిని కళ్ళారా చూసినవారు ఒక్కరూ లేరు. సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించి పాఠం ముగించాను.

మిత్రులారా! వస్తువు గతించి మాట మాత్రం మిగిలిపోవడం ఏ భాషలోనైనా ఉన్నదే. దానికి విచారించవలసిన పని లేదు. అయితే ఆనాడు నేను బొమ్మ గీసి ఊరుకున్నానే గాని, కుంపటిని గురించి ఆ పిల్లలకు చెప్పవలసిన అసలు సంగతి చెప్పలేదు. ఆ బాకీ నన్ను వెంటాడుతూనే ఉన్నది. దానిని తీర్చుకొనే ప్రయత్నమే ఇది.

కుంపటి అంటే చేత ఎత్తుకొనిపోగలిగిన పొయ్యి. మట్టితోనో ఇనుప రేకుతోనో చేస్తారు. నడుమ చిల్లుల పలక, పలకపై బొగ్గులు, అడుగున గాలి దూరడానికొక నోరు. పొయ్యి వంటింటిని వదలదు. కుంపటి మాత్రం చలికాలంలో అరుగుమీదికీ, బాలింత గదిలోకీ, పనివాని ముందరికీ వస్తుంది. 'నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికెట్లా తెల్లవారుతుంది' అన్న ముసలమ్మ సామెత వినని తెలుగువాడు ఉండడు. అగ్గిపెట్టె ఇంటింటా లేని కాలంలో పొరుగింటి కుంపటినుంచి నిప్పు తెచ్చుకొనేవారన్న సాంఘిక చరిత్ర ఆ సామెతలో దాగి ఉన్నది.

నా చిన్ననాట బాల్కొండలో మా ఇంటి ప్రక్కనే అవుసలివారి ఇల్లుండేది. వీధి వైపు గదే వారి కార్ఖానా. నేలలో పాతిన దాగలి, సుత్తెలు, పట్టుకార్లు, మూసలు, వెలిగారపు డబ్బీ, వాటి నడుమ కుంపటి. పెద్దాయనను నేను తాతా అని పిలిచేవాణ్ణి. బడి విడవగానే పోయి ఆ కుంపటి ఎదుట కూర్చోవడం నాకు పరిపాటి. ఊదుగొట్టం పెదవులకు ఆనించి ఆయన ఊదుతూ ఉంటే బొగ్గు ఎర్రనిదల్లా పసుపై, పసుపు తెలుపై, మూసలోని వెండి అద్దంలా కదిలేది. ఊపిరి ఒక్క క్షణం తప్పినా అతుకు నల్లబడుతుంది. ఆయన బుగ్గలు తిత్తులవలె నిండి ఉండగానే ముక్కుతో గాలి పీల్చుకొనేవాడు. ఆ విద్య ఎంత ప్రయత్నించినా నాకు పట్టుబడలేదు.

కుంపటికి వచ్చే రోగాలు ఆయనకు కొట్టినపిండి. బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు ఎగిరితే తడి ఉన్నదని అర్థం, ఎండలో పోయవలసిందే. పొగ వస్తున్నదంటే కట్టె పూర్తిగా బొగ్గు కాలేదన్నమాట, అటువంటి ముక్కను ఏరి పారవేయాలి. వేడి చాలకపోతే కొత్త బొగ్గు వేయడం కాదు, ముందు చిల్లుల పలక క్రింది బూడిదను తీయాలి. వెదురుబొగ్గు త్వరగా మండి త్వరగా పోతుంది, తుమ్మబొగ్గు నిలిచి కాలుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటున్నది. కుంపటిని వాకిట్లోనే రాజేసి, బొగ్గులన్నీ ఎర్రబారిన తరువాతనే లోపలికి తేవాలి. ఎందుకని అడిగితే, "పొగ కండ్లకు కనవడ్తది బిడ్డా. కనవడని సెగకే బుగులువడాలె" అనేవాడు. ఆ కనబడని సెగ ఏమిటో నాకు అప్పుడు తెలియదు. తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిపిన దారి కూడా విచిత్రంగా మా ప్రాంతపు పాత చరిత్రే.

మా బాల్కొండ ప్రాంతంలోనే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరున్నది. అక్కడి చిట్టెం, మూసల పెంకులు ఒకనాటి ఉక్కు పరిశ్రమకు ఆనవాళ్ళు. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగానూ భూగర్భ శాస్త్రజ్ఞుడుగానూ పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ ఆ ఊరికి వచ్చి, ఉక్కు తయారీని స్వయంగా చూసి వ్రాసి పెట్టాడు. 1824లో ఆయన మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక ఆ రచనను ముద్రించింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుండి ఒక వర్తకుడు ఉక్కు కొనడానికి అంత దూరం వచ్చి, దగ్గరుండి పని చేయించుకొంటున్నాడని అందులో ఉన్నది. డమాస్కస్ కత్తులుగా లోకం కీర్తించిన ఆయుధాలకు ఇటువంటి దక్కను ఉక్కే ముడిసరుకు. ఈ ఉక్కునే ఇంగ్లీషువారు 'వూట్జ్' అన్నారు. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ఎదుట దీనిపై తన పరిశోధనను వెలువరించాడు. మన 'ఉక్కు' అన్న మాటే అక్షరాలు తారుమారై అట్లా అయినదని పలువురు పండితుల అభిప్రాయం. తరువాత మైకేల్ ఫారడే వంటివాడు కూడా దాని రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. మన కాలంలో 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి ఈ పాత కొలుముల ఆనవాళ్ళను నమోదు చేశారు.

ఆ విధానాన్ని సంగ్రహంగా చెబుతాను. మట్టిలో వరిపొట్టు కలిపి మూసలు చేసేవారు. మూసలో ఇనుము వేసి, మూత పెట్టి, మట్టితో మెత్తి, బొగ్గు కొలిమిలో ఉంచి తోలు తిత్తులతో గంటల తరబడి ఊదేవారు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి కొలిమిలో సాధ్యపడదు. అయితే బొగ్గుదనం, అనగా కార్బన్, ఇనుములో చేరిన కొద్దీ అది తక్కువ వేడికే కరుగుతుంది. నూటికి ఒకటిన్నర పాళ్ళ ప్రాంతంలో కార్బన్ చేరిన ఇనుము మూసలో ద్రవమై, మెల్లగా చల్లారి ఉక్కుముద్ద అయ్యేది. విదేశాల నుండి చవకగా ఉక్కు రావడంతో ఈ కొలుములు పందొమ్మిదవ శతాబ్దంలో క్రమంగా చల్లారిపోయాయి.

ఇనుప రాయి నుండి ఇనుమును తీసే మొదటి కొలిమిని గురించి చదువుతూ ఉండగానే తాత చెప్పిన సెగ నాకు దొరికింది. ఎర్రని బొగ్గుల అడుగున గాలి సమృద్ధిగా ఉంటుంది. అక్కడ బొగ్గు పూర్తిగా కాలి, పాత పాఠ్యపుస్తకాలు 'బొగ్గుపులుసు వాయువు' అన్న కార్బన్ డయాక్సైడు పుడుతుంది. అది పైకి పోతూ, గాలి అందని ఎర్రని బొగ్గుల నడుమ నుండి దూరి, కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఈ రెండవ వాయువుకు ఆక్సిజన్ ఆకలి. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగివేసి ఇనుమును విడిపించేది ఇదే. ఈ వాయువు లేకుంటే కోనసముద్రపు మూసలలోకి ఇనుమే వచ్చేది కాదు.

కుంపటిలో జరిగేదీ ఇదే. బాగా రాజుకొన్న బొగ్గులపై సన్నగా నీలిమంటలు ఆడుతూ ఉంటాయి. అవి కార్బన్ మోనాక్సైడు మండుతున్న మంటలు. కొత్త బొగ్గు కుమ్మరించినా, నివురు కప్పినా, గాలి నోరు పూడుకొన్నా ఆ నీలిమంట ఆరిపోతుంది. మంట ఆరినంత మాత్రాన వాయువు పుట్టుక ఆగదు. మండకుండానే గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ లేదు. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మనిషి గుండెనిండా గాలి పీలుస్తూనే ఉంటాడు, శరీరానికి మాత్రం ఊపిరి అందదు. బ్రిటన్‌లో జాన్ హాల్డేన్ గని ప్రేలుళ్ళలో మరణించినవారిని పరిశీలించి, ఎక్కువమందిని చంపినది ప్రేలుడు కాదనీ, ఈ వాయువేననీ 1896లో నిరూపించాడు. గనులలోకి చిన్న పక్షులను తీసుకొనిపోయే ఆచారం ఆయన సలహాతో వచ్చినదే.

ఇక నేను చెప్పక దాటవేసిన సంగతికి వస్తాను.

నాకు పది, పదకొండేళ్ళ వయస్సు. ఆ ఏడు పుష్యమాసపు చలి ఎముకలు కొరికింది. తాత చిన్నకొడుకు పెండ్లి సొమ్ములు రాత్రింబవళ్ళు చేస్తున్నాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. కార్ఖానా కిటికీకి తలుపు లేదు. చలిగాలికి చేతులు కొంకర్లు పోతున్నాయని కిటికీకి గోనెపట్టా బిగించాడు. మొలలు అందించింది నేను. పని బాగా చేశావని ఒక వేరుసెనగ పలుకుల పొట్లం ఇచ్చాడు. ఆ రాత్రి తాత ఊరిలో లేడు. అన్న పని ముగించి, కుంపటిపై నివురు కప్పి, దాని ప్రక్కనే పడుకొన్నాడు.

తెల్లవారి ఎంత పిలిచినా పలకలేదు. తలుపు విరగగొట్టి వాకిట్లోకి ఈడ్చుకొని వచ్చారు. ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్లే ఉన్నది. బయటి గాలి తగిలి కొంతసేపటికి కదిలాడు, వాంతి చేసుకొన్నాడు. ప్రాణం దక్కిందని అందరూ దేవునికి మొక్కారు. మూడు వారాలు మామూలుగానే తిరిగాడు. ఆ తరువాత మాట తడబడింది, జ్ఞాపకం తప్పింది, చేయి వణికింది. ఊదుగొట్టం పట్టుకొంటే ఎప్పుడు ఊదాలో, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, దిష్టి తీశారు. ఈ వాయువు సోకి బ్రతికినవారిలో కొందరికి కొన్నాళ్ళ తరువాత ఇట్లా మెదడు దెబ్బతినడం వైద్యశాస్త్రానికి తెలిసినదేనని ఎంతో కాలానికి చదివాను. ఊరివారు అన్న మాట ఒక విధంగా నిజమే. గాలే సోకింది. ఏ గాలి అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. అన్న మళ్ళీ కుంపటి ముందర కూర్చోలేదు. తాత ఆ గోనెపట్టాను తన చేతులతో పీకివేస్తూ నన్ను చూశాడు గాని ఒక్క మాట అనలేదు.

కాలక్రమాన కుంపటి వెనుకబడింది. కొందరు రంపపుపొట్టు పొయ్యి పట్టారు. డబ్బా నడుమ సీసా నిలిపి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగివేస్తే ఏర్పడే బొరియలో నిప్పు మండుతుంది. దట్టింపు వదులైతే బొరియ కూలి పొగ కమ్ముతుంది. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ కనిపెట్టిన ప్రైమస్ తరహా పంపుస్టవ్వు మా ఊళ్ళలో గ్యాసునూనెతో బుస్సుమన్నది. మంట పసుపుపచ్చగా వచ్చి మసిపడితే చాలినంత వేడి చేయకుండా పంపు కొట్టారని, లేదా నిపిలు పూడుకొన్నదని అర్థం. పంపు బిగువు పట్టకపోతే తోలు వాషరు ఎండిపోయినట్లు, రెండు చుక్కల నూనె చాలు. వేడిగా ఉన్నప్పుడు నూనె పోయడం మాత్రం ప్రాణాంతకం. ఆ తరువాత గ్యాసుబండ, గొట్టపు టార్చి వచ్చాయి. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియడానికని ఘాటైన వాసనను దానికి చేరుస్తారు. కార్బన్ మోనాక్సైడుకు వాసన చేర్చేవారెవరూ లేరు. ఇంధనం ఏదైనా సరే, గాలి చాలని చోట మండితే అది పుడుతుంది. పరికరాలు మారాయి గాని తాత చెప్పిన సెగ మారలేదు.

నేటికీ చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించి మరణించినవారి వార్తలు మన దేశంలో వస్తూనే ఉన్నాయి. కనుక నాలుగు మాటలు సూటిగా చెబుతాను. నిప్పు మండే ఏ వస్తువునూ మూసిన గదిలో ఉంచి నిద్రపోరాదు. ఒక కిటికీ చాలదు, గాలి వచ్చే దారీ పోయే దారీ రెండూ ఉండాలి. ప్రక్కన గిన్నెలో నీళ్ళు పెడితే చాలునన్నది భ్రమ, ఈ వాయువు నీటిలో కరగదన్నంత తక్కువగా కరుగుతుంది. నీలిమంట కనబడుతున్నదని ధైర్యపడరాదు. నివురు కప్పిన కుంపటి చల్లారిన కుంపటి కాదు. పని చేస్తుండగా తలనొప్పి, వికారం, మత్తు కలిగితే కారణం వెతుకుతూ కూర్చోక ముందు ఆరుబయటికి రావాలి. స్పృహ తప్పినవారిని బయటికి చేర్చి 108కి ఫోను చేయాలి. వారికి కావలసిన మందు ఆక్సిజన్. తేరుకొన్నారు కదా అని వైద్యుని దగ్గరికి పోవడం మానరాదు. ఈ వాయువును పసిగట్టి మ్రోగే చిన్న యంత్రాలు బజారులో దొరుకుతాయి. ఇంట్లో కార్ఖానా పెట్టుకొన్నవారికి సుత్తె, పట్టుకారు వలె అదీ ఒక పనిముట్టే.

ఆనాడు ఆ బాలిక అడిగినప్పుడు ఇదంతా నా నోటివరకు వచ్చింది. మొలలు అందించిన చేయి గుర్తుకు వచ్చి, సుద్దముక్క బల్లమీద పెట్టి తరువాతి జాతీయానికి వెళ్ళిపోయాను. ఆ తరగతి పిల్లలు ఇప్పుడు పెద్దవారై ఎక్కడెక్కడ ఉన్నారో. చలిదేశాలలో ఉన్నవారూ ఉండవచ్చు. వారిలో ఎవరి కంటనైనా ఈ మాటలు పడితే నా బాకీలో కొంత తీరినట్లే.

మీ మీ ఊళ్ళలో కుంపటిని ఏమని పిలిచేవారో, అవుసలి, కంచరి ఇళ్ళలో దీనిని గురించి ఏమేమి జాగ్రత్తలు చెప్పేవారో తెలిసిన మిత్రులు తెలియజేస్తే సంతోషిస్తాను.