ఉద్యోగా, వృత్తి నిపుణుడా?: ఏజెన్సీ క్రీడా శిక్షకుల వేతనం, ఆదాయపు పన్ను చట్టం

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి పొడవునా గిరిజన ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉన్నాయి. కిన్నెరసానిలో గిరిజన పిల్లలకోసం ప్రత్యేకంగా క్రీడా పాఠశాలే ఉంది. ఇలాంటి చోట్ల పనిచేసే కాంట్రాక్టు శిక్షకుడి చేతికి నెలనెలా ఎంత అందుతుందన్నది చాలావరకు ఒకే ప్రశ్న మీద ఆధారపడుతుంది: చట్టం దృష్టిలో అతను ఉద్యోగా, వృత్తి నిపుణుడా?

ఉద్యోగి అయితే 1961 ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్ వర్తిస్తుంది. ఏడాది మొత్తానికి పన్ను పడే ఆదాయం ఉంటేనే జీతంలో కోత. వృత్తి నిపుణుడైతే 194జె కిందికి వస్తాడు. 2008 ఆగస్టులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు క్రీడాకారులు, అంపైర్లతోపాటు కోచ్‌లను, ట్రైనర్లను కూడా ఈ సెక్షన్‌లో చేర్చింది. అప్పటినుంచి ఫీజుగా చెల్లించే సొమ్ములో 10 శాతం ముందే మినహాయించాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది చెల్లింపు 50 వేల రూపాయలు దాటితేనే ఈ కోత. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని (ఇక్కడ వాడినవి పాత చట్టం సంఖ్యలే) ఈ విభజన మారలేదు.

నెలకు 25 వేల రూపాయల శిక్షకుణ్ని తీసుకుందాం. ఉద్యోగిగా చూస్తే ఏడాదికి 3 లక్షలు. ఆదాయపు పన్ను లేదు, పోయేది వృత్తి పన్ను నెలకు 200 రూపాయలు. ‘ఫీజు’ అని రాస్తే నెలకు 2,500 కోత, ఏడాదికి 30 వేలు. అంటే ఒక నెల సంపాదన కంటే ఎక్కువ. అది అతను బాకీ ఉన్న పన్ను కాదు. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది, కాని మరుసటి ఏడాది వస్తుంది. బ్యాంకు వడ్డీపై కోత ఆపే 15జి ఫారం ఇక్కడ చెల్లదు. 197వ సెక్షన్ కింద పన్ను అధికారి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఉండే మనిషికి అది ఎంత దూరపు పనో చెప్పనక్కరలేదు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

అమెరికాలో 2017 చట్టం వేరే దిక్కు నుంచి కోచ్‌ల జీతాలను తాకింది. పన్ను మినహాయింపు ఉన్న విశ్వవిద్యాలయం తన అత్యధిక వేతనదారులు ఐదుగురిలో ఎవరికైనా ఏడాదికి 10 లక్షల డాలర్లు మించి ఇస్తే, మించిన సొమ్ముపై 21 శాతం పన్ను ఆ సంస్థే కట్టాలని ఆ చట్టం వచ్చినప్పుడు నిర్దేశించింది. అక్కడ భారం జీతం ఇచ్చేవారి మీద పెట్టారు. మన దగ్గర పన్నే పడని మనిషి సొమ్ము ఏడాదిపాటు ఖజానాలో ఉండిపోతోంది.

ఇక్కడి కోయ, కొండరెడ్డి శిక్షకులకు ఈశాన్య రాష్ట్రాల గిరిజనుల్లా ఆదాయపు పన్ను చట్టం 10(26) సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఇవ్వాలన్న వాదన రావచ్చు. ఆ సెక్షన్ ఈశాన్యంలోని కొన్ని ప్రాంతాలకు, లడఖ్‌కు పరిమితం. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న భద్రాచలం అందులో లేదు. ఏ కేంద్ర చట్టాన్నైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి మార్పులతో వర్తింపజేసే అధికారం ఐదో షెడ్యూలు 5వ పేరా గవర్నరుకు ఇచ్చిన మాట నిజమే. కాని నా అభిప్రాయంలో ఈ సమస్యకు మందు అది కాదు. మినహాయింపు వల్ల మేలు పొందేది పన్ను పడేంత ఆదాయం ఉన్నవారు. 25 వేల శిక్షకుడికి కావలసింది సరైన వర్గీకరణ.

దానికి కొలబద్ద పాతదే. ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో 1956లో సుప్రీంకోర్టు, పని ఎలా చేయాలో నిర్దేశించే నియంత్రణ ఎవరి చేతిలో ఉందో చూడమంది. తెల్లవారకముందే పిల్లలను మైదానానికి తీసుకెళ్లి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకుంటేనే సెలవు తీసుకునే శిక్షకుడు స్వతంత్ర వృత్తి నిపుణుడు ఎలా అవుతాడు? సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గిరిజన సంక్షేమ శాఖ, గురుకుల సొసైటీ తమ నియామక ఉత్తర్వుల్లో ‘గౌరవ ఫీజు’ అనకుండా ‘వేతనం’ అని రాయాలి, పన్నును జీతం కిందే లెక్క కట్టాలి.