ఎముక మూలుగ మార్పిడి, ఊపిరితిత్తుల గండం

కార్ల్ సేగన్ పేరెరుగని విజ్ఞానప్రియులు మనలో అరుదు. 1996 డిసెంబరు 20న, 62 ఏళ్ళ వయసులో, ఆయన సియాటిల్‌లో కన్నుమూశారు. ఆయనకున్నది మైలోడిస్‌ప్లేసియా అనే రక్తవ్యాధి. సోదరి దానమిచ్చిన ఎముక మూలుగతో మూడుసార్లు మార్పిడి చేశారు. కడకు ప్రాణం తీసినది మాత్రం న్యుమోనియా. చికిత్స రక్తానికైతే గండం ఊపిరితిత్తులకెందుకు వచ్చింది? ఈ వైద్యచరిత్రలో అదొక పెద్ద అధ్యాయం.

1957లో డొనాల్ థామస్ బృందం ఆరుగురు రోగులకు ఇతరుల మూలుగనెక్కించిన వైనాన్ని ప్రకటించింది. ఆ ఆరుగురిలో ఒక్కరూ నూరు రోజులు దాటి బ్రతకలేదు. తరువాత థామస్ సియాటిల్ చేరి పరిశోధన కొనసాగించారు. 1970లలో, కణజాలం సరిపోలిన తోబుట్టువుల మూలుగ రోగుల ఒంట నిలవసాగింది. అంతలో కొత్త గండం ఎదురైంది. రక్తకణాలు కోలుకుంటున్న రోగికి కొన్ని వారాల తరువాత పొడిదగ్గు, ఆయాసం మొదలయ్యేవి. చూస్తుండగానే ఊపిరి అందకుండా పోయేది.

మార్పిడికి ముందు తీవ్రమైన మందులతోను, తరచుగా రేడియేషన్‌తోను పాత మూలుగను నశింపజేస్తారు. దానితోపాటు రోగనిరోధక శక్తీ అడుగంటుతుంది. ఆరోగ్యవంతులలో చడీచప్పుడూ లేక నిద్రించే సైటోమెగాలో వైరస్ అప్పుడు మేల్కొంటుంది. కొందరిలో ఎంత వెదకినా ఏ క్రిమీ దొరకదు. అక్కడ రేడియేషన్, మందులు చేసిన గాయానికి దాత కణాల దాడి కూడా తోడవుతుంది. ప్రాణం పోయవచ్చిన కణాలే రోగి దేహాన్ని పరాయిదిగా ఎంచుతాయన్నమాట!

ఆ వైరస్ వల్ల న్యుమోనియా వస్తే, తొలినాళ్ళలో పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది మరణించేవారు. 1988లో గాన్‌సిక్లోవిర్‌ను ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో కలిపి వాడి, సగానికి పైగా రోగులను నిలబెట్టగలిగారు. 1991లో మరో ముందడుగు పడింది: ఊపిరితిత్తులు చెడకముందే వైరస్ జాడ కనిపెట్టి మందు మొదలుపెట్టడం. 2017లో వైరస్ మేల్కొనకుండా ముందే వాడే లెటర్‌మోవిర్‌కు అమెరికాలో అనుమతి లభించింది.

థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి దక్కింది. అయినా కథ ముగియలేదు. నెలలకో ఏళ్ళకో దాత కణాల దాడితో సన్నని శ్వాసనాళికలు మచ్చగట్టి ఇరుకైపోయే వ్యాధి నేటికీ మొండిదే. మూసుకుపోయిన నాళికలు తిరిగి తెరుచుకోవడం అరుదు. అందుకే ఆయాసం లేకున్నా, శ్వాసపరీక్షలు క్రమం తప్పక చేస్తారు. మందులెన్ని వచ్చినా, రోగి దగ్గేదాకా వేచి ఉండరాదన్నదే ఈ చరిత్ర నేర్పిన పాఠం. ఎందరి ఊపిరో దానికి మూల్యమైంది.