పత్రికలకు మన మాట – నాడు, నేడు



ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని స్పష్టం చేసింది. ఆ దినోత్సవ సభ ముగిసిన సాయంత్రం ప్రతి సంఘం నుంచీ పత్రికా కార్యాలయాలకు ప్రెస్ నోట్లు వెళతాయి. మరునాడు పేపరు తిరగేస్తే మన వార్త ఉండదు. ఉన్నా నాలుగు పంక్తుల్లో అధ్యక్షుల వారి పేరు, ముఖ్య అతిథి గారి పేరు తప్ప మరేమీ కనిపించదు. పత్రికల వారికి పెద్దవాళ్లంటే చిన్నచూపని మనలో మనం అనుకుంటాం. సంఘం ప్రచార కార్యదర్శిగా కొన్నేళ్లు ఆ నోట్లు రాసినవాణ్ణి గనుక, తప్పులో సగం మనదేనని చెప్పడానికే ఈ వ్యాసం. ముందుగా కొంత చరిత్ర.

నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి. అటువంటి రోజుల్లో సురవరం ప్రతాపరెడ్డి గారు 1926 మే 10న హైదరాబాదులో గోలకొండ పత్రికను ప్రారంభించి, వారానికి రెండుసార్లు వెలువరించారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి పుట్టినప్పుడు ఆయన కోపతాపాలతో సరిపెట్టుకోలేదు. ఊళ్ల నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. వాదన ఒక్క ముక్క చేయకపోయినా ఆ లెక్క చాలు, నోళ్లు మూతపడటానికి. పత్రికకు ఏదైనా పంపేవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. విశేషణాలు వద్దు, వివరాలు కావాలి.

రెండో పాఠం నార్ల వెంకటేశ్వరరావు గారిది. ఆంధ్రప్రభకు, ఆ తరువాత 1960లో విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి సంపాదకత్వం వహించిన నార్ల గారు వాడుక తెలుగును పత్రికల్లో నిలబెట్టినవారిలో ముఖ్యులు. సామాన్యుడు చదివి అర్థం చేసుకోలేనిది వార్త కాదన్నది ఆ మార్పులోని సారాంశం. మన నోట్లలో మాత్రం నేటికీ ‘పై విషయమును పురస్కరించుకొని’ అన్న ఆఫీసు తెలుగే నడుస్తోంది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు పుట్టింది. మరుసటి ఏడే హైదరాబాదుకూ వచ్చింది. 1989లో జిల్లాలకు విడిగా చిన్న పేజీల అనుబంధాలు మొదలయ్యాయి. అంతవరకు రాజధాని కబుర్లకే పరిమితమైన పేపర్లో పక్క ఊరి బోరుబావి, బస్సు, బడి వార్తలయ్యాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డ సంగతి 1992లో రాష్ట్రమంతా పాకడానికి పత్రికలు, ముఖ్యంగా ఈ జిల్లా పేజీలు ఎంతో తోడ్పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలయింది. ఆ తల్లులు లెటర్‌హెడ్ల మీద ప్రకటనలు పంపి పేరు తెచ్చుకున్నవారు కారు. వాళ్ల బతుకులో నిజంగా ఒక సంగతి జరిగింది. అదే వార్త అయింది.

ఇక నా సంగతి. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2007లో రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్లు డ్రాఫ్టులు రాసిన చెయ్యి ఇది. ఆఫీసు ఉత్తరంలో ముందు ‘విషయం’, ఆ తరువాత ‘సూచిక’, పాత ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఏకరువు పెట్టి, అసలు కోరికను ఆఖరి పేరాలో పెడతాం. పై అధికారి చివరి దాకా చదువుతాడన్న ధైర్యం. అదే అలవాటు నా చేత ఒక తప్పు చేయించింది.

2010లో మా సహోద్యోగి ఒకరు కాలం చేశారు. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో మరో రకంగా ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం ఫైలు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూ ఉంది. ఫ్యామిలీ పెన్షను రాలేదు. మందులకు ఆమె అప్పు చేయవలసి వచ్చింది. ఆ ఏటి డిసెంబరు సభలో ఈ విషయం మీద తీర్మానం చేశాం. నేను రెండు పేజీల నోటు రాసి సికింద్రాబాదులో ఒక పత్రిక వారికి స్వయంగా ఇచ్చి వచ్చాను. అందులో జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, తొమ్మిది మంది వక్తలు, పదకొండు శాలువాలు. ఆమె సంగతి ఆఖరి పేరా.

మర్నాడు వార్త వచ్చింది. శాలువాల దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఫోను చేసి, "అన్నా, పేపర్ల నా సంగతి రాలే గదా" అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆ పత్రిక ఆఫీసుకు తగవు పెట్టుకోవడానికే వెళ్లాను. అక్కడి సబ్ ఎడిటరు కుర్రవాడు నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు. "సార్, చోటు చాలకపోతే మేం కింది నుంచి కోస్తాం. మీరు ముఖ్యమైంది కిందనే పెట్టారు." ముప్పై ఆరేళ్ల సర్వీసులో నాకెవరూ చెప్పని మాట అది.

ఇంటికొచ్చి తొమ్మిది పంక్తులు రాశాను. మొదటి వాక్యంలోనే ఒక్క అక్షరం తేడా వల్ల భర్త పోయిన ఇల్లాలికి ఎన్ని నెలలుగా పెన్షను లేదో చెప్పాను. రెండో వాక్యంలో దరఖాస్తు తేదీ, మూడో దానిలో ఇటువంటి కేసులు మా సంఘం దృష్టికి ఇంకెన్ని వచ్చాయో రాశాను. సంఘం పేరు చివర. పేరు వేయవచ్చునా అని ఆమెను ముందే అడిగాను. దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రశీదు నకలు జతపరిచాను. విలేకరి ఆమెతోనూ, ఆ కార్యాలయంతోనూ మాట్లాడి నిజం నిర్ధారించుకున్నాకే వేశారు. నెల తిరగకుండా ఫైలు కదిలింది, బకాయిలతో సహా డబ్బు వచ్చింది. నా మొదటి నోటు సరిగా రాసి ఉంటే ఆ తల్లికి కొన్ని వారాల ఎదురుచూపు తప్పేది. ఆ మాట నేటికీ నన్ను పొడుస్తుంది.

ఇప్పుడు నోటు పట్టుకుని మెట్లెక్కనక్కరలేదు, సెల్‌ఫోనులో పంపితే చాలు. అందువల్లనే డెస్కు మీద గుట్టలు మరింత పెరిగాయి. మన కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఈసారి దినోత్సవ సభ నోటు రాసేటప్పుడు శాలువాల జాబితా కిందకు పోనివ్వండి. ఫ్యామిలీ పెన్షను కోసం ఎదురు చూస్తున్న ఇల్లాలి సంగతి మొదటి వాక్యంలో పెట్టండి. అధ్యక్షుల వారు నొచ్చుకుంటే, ఈ వ్యాసం చూపించండి.