కాలువ గట్టున ఓదార్పు

అజ్మాన్‌లోని అల్ జుర్ఫ్ పారిశ్రామిక ప్రాంతం వంటి చోట, పలువురు కలిసి ఉండే గదికి ఊరినుంచి మరణవార్త వస్తే ఏడవడానికి వ్యవధి ఉండదు. తెల్లవారితే పని. అంత్యక్రియలు ఫోనులో చూడవలసిందే. ఆ రాత్రి పక్కగదుల తెలుగు క్రైస్తవులు వచ్చి కూర్చుని, ఒక కీర్తన పాడి, ప్రార్థించి వెళ్తారు. ఈ ఓదార్పుకు దాదాపు నూటయాభై ఏళ్ల కిందటి పూర్వరూపం ఒకటి ఒంగోలు సీమలో ఉంది. అదీ కూలీల శిబిరమే.

1876–78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిని ఊడ్చిపెట్టింది. సహాయ పనులలో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించాడు. అది ప్రాణం నిలపదని వైద్యుడు కార్నిష్ వాదించాడు. ఆ కాలంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్త తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. పలుగూ పారా దించి కూలీలు సేదదీరే వేళ, ఆ మేస్త్రీలే వారి నడుమ కూర్చుని మాట్లాడేవారు. బిడ్డనో భర్తనో పోగొట్టుకుని వచ్చినవారికి ఆ మాటలు పరాయివాడి నోట రాలేదు. తమవంటి వారి నోట, తమ యాసలో వచ్చాయి.

ఆ బోధకుల తరానికి ఆద్యుడు యర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం పొందిన ఈ మాదిగ పెద్ద అంతకుముందు రాజయోగ సంప్రదాయంలో సాధన చేసినవాడు. క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ నేపథ్యాన్ని శ్రద్ధగా నమోదు చేసింది. దేహం నశ్వరమనే చింతన, గురువుపై గురి అతనికి కొత్తవి కావు. దుఃఖితులతో కూర్చునే అలవాటునూ అతడు మిషను బంగళాలో నేర్చుకుని ఉండడనే నా ఊహ.

ఇక్కడ ‘అన్నం కోసం చేరారు’ అన్న పాత ఆక్షేపణ ఎదురవుతుంది. దానిని కొట్టిపారేయలేము, కూలి ఇచ్చే చేయీ మతమిచ్చే చేయీ ఒకటే. క్లౌకూ ఆ సంగతి తెలుసు. అందుకే కరువు సాగినంతకాలం, పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఆపివేశాడు. అయితే ఆక్షేపించినవారూ సమర్థించినవారూ బియ్యం లెక్కే చూశారు. ఆ జనం ఎందరిని పూడ్చి వచ్చారో, ఆ దుఃఖాన్ని ఎవరితో చెప్పుకున్నారో అడిగినవారు తక్కువ.

అజ్మాన్ గదిలోనూ తొలిరాత్రి పాదిరి ఉండడు. చర్చిలు పొరుగున షార్జాలోని అల్ యార్మూక్‌లో ఉన్నాయి. ముందుగా వచ్చేది పక్కమంచం మనిషే.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందారు. క్లౌ ఆనాడు ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా నీటిలో నిలబడ్డారు.