రోల్డ్ గోల్డ్ కమ్మలు, అమ్మ పన్ను

మా బందరులో చిలకలపూడి రోల్డ్ గోల్డ్ సంగతి తెలియని ఆడవాళ్ళుండరు. లోపల రాగో ఇత్తడో, పైన పల్చటి బంగారు పూత. పళ్ళకూ ఇలాంటి పద్ధతి ఉందని అమ్మ పన్ను కట్టించేటప్పుడే నాకు తెలిసింది.

అమ్మ దివిసీమలో ఉంటుంది, అవనిగడ్డ దగ్గర. కింది దవడపన్ను ఒకటి తీయించుకున్నాక ఏడాదిగా ఒక పక్కనే నములుతోంది. జంతికలు మానేసింది. గుడివాడలో మా ఆడపడుచు వాళ్ళు వెళ్ళే డాక్టరుగారికి చూపించాం. బ్రిడ్జి వేద్దామన్నారు. అంటే పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, మూడింటికీ కలిపి తొడుగు వేస్తారు. పోయింది ఒక పన్నే అయినా డబ్బులు మూడు పళ్ళ లెక్కన!

"పులిగడ్డ వారధిలాగే, కింద స్తంభాలు గట్టిగా ఉండాలన్నమాట" అంది అమ్మ.

మెటలా, మెటల్ మీద పింగాణీయా, జిర్కోనియానా, ఆలోచించుకుని రమ్మన్నారు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఇటలీలో ఎట్రుస్కన్లనే జనం రెండున్నర వేల ఏళ్ళ కిందటే బంగారు రేకుతో పట్టీలు చేసి, కట్టుడు పన్నును పక్క పళ్ళకు బిగించుకున్నారట. అవి పెట్టుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళేనని పరిశోధకులు అంటారు. బంగారం తుప్పు పట్టదు, ఎదుటి పన్నును అరగదీయదు. 1789లో అమెరికా అధ్యక్షుడైన వాషింగ్టన్‌కు అప్పటికి మిగిలిన సొంత పన్ను ఒక్కటే. నీటిగుర్రం దంతంతో చేసిన పళ్ళు పెట్టుకున్నాడు. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల పళ్ళు పీకి కట్టుడు పళ్ళకు అమ్ముకున్నారు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

బంగారు మిశ్రమం మీద పింగాణీని కాల్చి అతికించే పద్ధతికి 1962లో అమెరికాలో పేటెంటు వచ్చింది. లోపల బలం, పైన తెలుపు. 1970లలో బంగారం ధర పెరిగేసరికి లోపలికి నికెల్, క్రోమియం వచ్చి చేరాయి. ఆ తరవాత వచ్చిందే జిర్కోనియా. అందులో మెటల్ ఉండదు, కంప్యూటరు కొలతలతో మిషను చెక్కుతుంది.

నికెల్ దగ్గర ఆగిపోయాను. ఎక్కడో కొన్న చవక కమ్మలు పెట్టుకుంటే అమ్మ చెవులు దురద పెట్టి రసి కారేవి. మర్నాడు ఆ మాట చెబితే డాక్టరుగారు, "ముందే చెప్పారు, మంచిదైంది. అది నికెల్ పడకపోవడం కావచ్చు. జిర్కోనియా వేద్దాం" అన్నారు. ఖర్చు కాస్త ఎక్కువే. అమ్మ గొణిగింది కానీ ఒప్పుకుంది.

మీ ఇంట్లో ఎవరికైనా పన్ను కట్టిస్తుంటే రంగు చూసి ఊరుకోకండి. లోపల ఏముందో అడగండి. కమ్మలు పడకపోతే తీసి పెట్టెలో పడేస్తాం. సిమెంటు పెట్టి అతికించిన పన్నును అలా తీయలేం కదా!

మొన్న సంక్రాంతికి జంతికల డబ్బా అమ్మే ముందు తెరిచింది.