గోడ మీద పొరలు

చరిత్ర పాఠాల్లో మనకు కనిపించే ఇళ్లన్నీ రాజులవి. కోటలు, బురుజులు, రాతి స్తంభాలు. వాటికి తేదీలుంటాయి, శాసనాలుంటాయి. ఆదివాసీ ఇల్లు మట్టితో కట్టింది. వానకు కరుగుతుంది, చెద పడుతుంది. పాతదైపోతే దాన్ని వదిలి పక్కనే ఇంకొకటి కట్టుకుంటాం. అందుకే మన ఇళ్లకు చరిత్ర ఏముంటుందని చదువుకున్నవాళ్లు కూడా అంటారు. మన పిల్లలూ అదే నమ్మి పెరుగుతున్నారు.

మట్టి ఇంటి చరిత్ర ఎక్కడుందో తెలియాలంటే పాత గోడ పెచ్చు ఊడినప్పుడు దాని అంచు చూడాలి. పైన ఎర్రమట్టి పూత, దాని కింద పేడ అలుకు, ఆ కింద మళ్లీ ఎరుపు, ఇంకా లోపల సుద్దమట్టి తెలుపు. కందికొత్తకు ముందు అలికింది ఒక పొర. కూతురి పెళ్లికి వేసింది ఒక పొర. ఇంట్లో పెద్దాయన పోయాక పన్నెండు మందికి అన్నం పెట్టే ముందు పూసింది ఇంకొక పొర. ఆ ఇంట్లో బతికినవాళ్ల సంగతులన్నీ అలా ఒకదాని మీద ఒకటి చేరి ఉంటాయి.

మన పూర్వులు ఇంటిని అలంకరించింది చుట్టాలకు చూపించుకోవడానికే అనుకుంటే పొరపాటు. తమ చేత్తో, తమ మట్టితో, తమవాళ్లను తలుచుకుంటూ, ఏటేటా మళ్లీ చేసిన పని అది. ఆ పనిలో వాళ్లకు సంతోషం దొరికింది, కష్టంలో ఓదార్పు దొరికింది. దీనికి మూడు చోట్ల నుంచి సాక్ష్యం చెబుతాను. మొదటిది మన కొండల్లోనే ఉంది.

సవర ఇంటి గోడ

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవరలు ఉన్నారు. ఇంటి గోడను ఎర్రమట్టితో అలికి, ఆరాక, బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, చివర నలగ్గొట్టిన పుల్లతో తెల్లటి బొమ్మలు గీయడం వాళ్ల ఆచారం. ముందు నాలుగు వైపులా అంచు గీస్తారు. అది ఇల్లు. తర్వాత ఆ ఇంట్లోకి ఒక్కొక్కరే వస్తారు. సూర్యుడు, చంద్రుడు, జీలుగు చెట్టు, ఏనుగు, గుర్రం, బల్లి, కావిడి మోసేవాళ్లు, చేతులు పట్టుకుని ఆడేవాళ్లు.

వెరియర్ ఎల్విన్ 1940లలో ఈ కొండల్లో తిరిగి ఇలాంటి బొమ్మలను చాలా వాటిని నకలు తీసుకున్నాడు. మధ్య భారత గిరిజన కళ మీద 1951లో, సవరల మతం మీద 1955లో వచ్చిన ఆయన పుస్తకాల్లో అవి ఉన్నాయి. ఒక్కో బొమ్మ ఎందుకు గీశారో కూడా ఆయన రాశాడు. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ల గౌరవం కోసం, జబ్బు చేస్తే అది తగ్గాలని, పంట పండాలని, కాన్పు సుఖంగా జరగాలని గీసేవారు. గోడ మీద గీసిన ఆ ఇంట్లోకి పోయినవాళ్లు వచ్చి కూర్చుంటారని నమ్మకం. కుటుంబంలో కొత్త కష్టమో కొత్త కోరికో వచ్చినప్పుడు బొమ్మకు ఇంకో మనిషినో జంతువునో చేర్చేవారు, లేదా గోడ మళ్లీ అలికి కొత్తగా గీసేవారు.

ఆ బొమ్మల్లో ఎల్విన్ కాలానికే రైళ్లు, సైకిళ్లు, విమానాలు కూడా చేరాయి. మన పూర్వులకు కొత్తదంటే భయం, పాతదే పట్టుకుని వేలాడతారు అనేవాళ్లు ఈ గోడలను చూడాలి. కొండ కింద కనిపించిన ప్రతి కొత్త వస్తువునూ తెచ్చి, తాతముత్తాతల పక్కన కూర్చోబెట్టారు. పాతదాన్ని చెరిపేయలేదు, కొత్తదాన్ని తోసేయలేదు.

ఒక కుటుంబం తన తల్లిని పోగొట్టుకుందనుకోండి. ఆ దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలి? సవర ఇల్లు దానికి గోడ మీద చోటు ఇచ్చింది. రోజూ వంట చేసుకునే చోట, పడుకునే చోట, ఆమె కోసం గీసిన ఇల్లు ఎదురుగా ఉంటుంది. ఏ ఇంటి కష్టం ఆ ఇంటిది కాబట్టి ఏ రెండు ఇళ్ల బొమ్మలూ ఒకలా ఉండవు.

ఉపాధ్యాయులకు ఇంకో మాట. సవర భాషలో గీయడానికీ రాయడానికీ ఒకే మాట, 'ఇడ్'. గోడ బొమ్మను ఒడిశా వైపు 'ఇడితాల్' అంటారు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం అచ్చు వేయించారు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశారు. ఈ రెండూ గొప్ప పనులే. వాటి కంటే ముందే ప్రతి ఇంటి గోడా ఆ ఇంటి సంగతులు రాసుకుని ఉందని కూడా మన పిల్లలకు చెప్పాలి.

హజారీబాగ్ ఆడవాళ్ల గోడ

పొరల పని ఎలా జరుగుతుందో ఇంకా స్పష్టంగా చూడాలంటే జార్ఖండ్‌లోని హజారీబాగ్ వైపు వెళ్లాలి. అక్కడ కుర్మీ, గంజు, ఉరావ్, ముండా, సంతాల్ వంటి సమాజాల ఆడవాళ్లు ఏడాదికి రెండు కాలాల్లో ఇళ్లు చిత్రిస్తారు. దీపావళి మర్నాడు వచ్చే పశువుల పండగకు వేసేది సోహ్రాయి. పెళ్లిళ్ల కాలంలో కొత్త దంపతుల గదికి వేసేది ఖోవర్.

ఖోవర్ వేసే పద్ధతి ఇది. ముందు గోడకు నల్లమట్టి పూస్తారు. అది ఆరాక దాని మీద తెల్లమట్టి పూస్తారు. ఆ తెలుపు తడిగా ఉండగానే విరిగిన దువ్వెన ముక్కతోనో వేళ్లతోనో గీకుతారు. గీకిన చోటల్లా కింది నలుపు బయటపడి నెమలి అవుతుంది, చేప అవుతుంది, తీగ అవుతుంది. పైన పూసిన తెలుపు ఎంత ముఖ్యమో కింద దాగిన నలుపూ అంతే ముఖ్యం. కింద పొర లేకపోతే బొమ్మే రాదు. తడి ఆరేలోపు పని అయిపోవాలి కాబట్టి తల్లీ కూతుళ్లు, అత్తా కోడళ్లు పక్కపక్కన నిలబడి గబగబా చేస్తారు. చిన్నపిల్ల పక్కన నిలబడి చూసే నేర్చుకుంటుంది. పెళ్లయి వెళ్లేటప్పుడు పుట్టింటి చేతివాటం అత్తింటి గోడకు తీసుకువెళుతుంది.

వానాకాలంలో ఈ బొమ్మలు చాలావరకు కరిగిపోతాయి. దానికి ఎవరూ బాధపడరు. పంట ఇంటికొచ్చే వేళకు మళ్లీ మట్టి తవ్వి తెస్తారు. సోహ్రాయి ఖోవర్ చిత్రాలకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం రాకముందు ఎన్నో తరాలపాటు ఆడవాళ్లు ఏ గుర్తింపూ లేకుండానే ఏటేటా ఈ పని చేశారు. ఇల్లు మళ్లీ కొత్తదవుతుంది, పండగ వచ్చిందని పశువులకూ మనుషులకూ తెలుస్తుంది, నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక పూట నవ్వుకుంటూ పనిచేస్తారు. వాళ్లకు అది చాలింది.

సోనాబాయి ఇల్లు

మూడోది ఒక్క మనిషి కథ. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో పుహ్‌పుత్రా అనే ఊరు ఉంది. అక్కడి సోనాబాయి రజవార్ ఆదివాసీ కాదు, వ్యవసాయం చేసుకునే రజవార్ సమాజపు ఆడమనిషి. ఆమె భర్త ఊరికి ఎడంగా ఇల్లు కట్టి, సుమారు పదిహేనేళ్లు ఆమెను ఎవరితోనూ కలవనివ్వలేదు. తోడు చిన్న కొడుకు ఒక్కడే. ఆడించడానికి బొమ్మలు లేవు. ఆమె మట్టి పిసికి కొడుక్కి బొమ్మలు చేసింది. తర్వాత ఎండ తగ్గడానికి వెదురు బద్దలను గుండ్రంగా చుట్టి, కట్టి, మట్టి మెత్తి జాలీలు చేసింది. ఆ జాలీల్లో పక్షులను, కోతులను, పాములను, వాయిద్యాలు వాయించే మనుషులను కూర్చోబెట్టింది. ఆకుల నుంచి, మట్టి నుంచి, వంటింటి దినుసుల నుంచి రంగులు తీసింది. ఎవరూ రాని ఇంట్లోకి ఊరంతా వచ్చి చేరింది.

భోపాల్‌లోని భారత్ భవన్ వాళ్లు గ్రామీణ కళల కోసం తిరుగుతూ 1983లో ఆ ఇల్లు చూశారు. 1986లో ఆమెకు జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాత ఊళ్లో చాలామందికి ఆ పని నేర్పి, 2007లో కన్నుమూసింది. ఆమెకు జరిగిన అన్యాయాన్ని మట్టి బొమ్మలు సరిచేశాయని నేను అనను. ఒక మనిషిని అన్నేళ్లు మూసి ఉంచడం తప్పే. అలాంటి చోట కూడా ఆమె మనసు చచ్చిపోకుండా నిలిచింది తన చేత్తో ఇంటిని తనదిగా చేసుకోవడం వల్ల. బజారులో కొన్న వస్తువులు ఎన్ని పెట్టినా ఆ ఇంటికి ఆ ప్రాణం వచ్చేది కాదు.

ఇప్పుడు మన గోడలు

ఈ మూడు గోడలను తలుచుకుని మన గూడేలకు వద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల నుంచి, కొండ సవరలు, చెంచులు, కొండరెడ్లు వంటి వారి కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ఇళ్ల దాకా సిమెంటు ఇళ్లు వస్తున్నాయి. అవి కావాలి. గడ్డి ఇల్లు కాలిపోతే ఏమవుతుందో, వానలో రాత్రంతా బాలింత ఎక్కడ కూర్చుంటుందో మనకు తెలుసు. పాత ఇంట్లోనే ఉండండి, అందంగా ఉంటుంది అని చెప్పే హక్కు పట్నం వాళ్లకు లేదు, నాకూ లేదు.

నా బాధ వేరే. కొత్త ఇల్లు వచ్చిన చాలా చోట్ల గోడను ముట్టుకోవడం మానేశాం. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. "సర్కారు ఇల్లు, పాడుచేయకు" అని పిల్లల చేతిలో బొగ్గు లాగేసుకుంటున్నాం. సవర బొమ్మలేమో కాగితం మీద, బట్ట మీద ఎక్కి అమ్ముడవుతున్నాయి. మనవాళ్లకు నాలుగు రూపాయలు వస్తున్నందుకు సంతోషమే. ఎవరో తెలియనివాళ్ల గోడకు మన బొమ్మ వెళుతోంది, మన గోడ మాత్రం బోడిగా ఉంది. మతం మారిన ఇళ్లలో పూర్వపు పూజ బొమ్మలు ఆగిపోయాయి. అది ఆ కుటుంబాల ఇష్టం. అయితే గోడ అలికే చేతికి మతం లేదు. పూజ లేకపోయినా నెమలిని గీయవచ్చు, అమ్మమ్మను గీయవచ్చు.

ఆశ్రమ పాఠశాలలో పిల్లల ట్రంకు పెట్టెలు తెరిచినప్పుడు మూత లోపలి వైపు ఎప్పుడైనా చూశారా? సినిమా హీరో బొమ్మ, దాని మీద క్యాలెండర్ దేవుడు, పక్కన తమ్ముడి పాస్‌పోర్టు ఫోటో, సంతలో కొన్న స్టిక్కర్లు, పెన్నుతో గీసిన పువ్వు. ఒకదాని మీద ఒకటి అన్నం మెతుకులతో అంటించి ఉంటాయి. ఆరేడేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు నలభై మంది పడుకునే గదిలో తనదంటూ ఉన్న చోటు ఆ మూత ఒక్కటే. గూడెం గోడ మీద తన నాయనమ్మ చేసిన పనినే ఆ పిల్ల రేకు మూత మీద చేసుకుంటోంది. చెత్త అని చింపించకండి. ఇంటికి పారిపోవాలనిపించే సాయంత్రాల్లో ఆ పిల్లను ఆపేది అదే కావచ్చు.

తోటి ఉపాధ్యాయులు ఈ ఏడాది ఒక పని చేయవచ్చు. హాస్టల్‌లో ఒక గోడను గళ్లుగా విడదీసి పిల్లకు ఒక గడి ఇవ్వండి. రంగు డబ్బాలు కొనక్కర్లేదు. ఎర్రమట్టిని వడగట్టి, తుమ్మబంక నానబెట్టిన నీళ్లతో కలిపి ముందు చిన్న చోట పూసి చూడండి. రాలిపోతుంటే బంక పెంచండి. ఎర్రమట్టి ఏ వాగు ఒడ్డున దొరుకుతుంది, సుద్దమట్టి ఏ కొండ దగ్గర ఉంది, దాన్ని మన భాషలో ఏమంటారు అని సెలవులకు వెళ్లినప్పుడు ముసలమ్మలను అడిగి రాసుకు రమ్మనండి. ఏడాది చివర గోడను ఫోటో తీసి, తేదీ రాసి దాచండి. తర్వాత కడిగేసి కొత్త పిల్లలకు ఇవ్వండి. పదేళ్లయ్యేసరికి మీ బడికి తన చరిత్ర తన దగ్గర ఉంటుంది.

యువకులకు చెప్పేది ఇంకా చిన్న పని. మీ కొత్త ఇంట్లో ఒక గోడ మీ అమ్మకు వదిలేయండి. ఆమె అలుకుతానంటే మట్టి తెచ్చిపెట్టండి. మొదటి పొర ఎవరు వేశారో, ఏ పండగకు వేశారో తలుపు వెనక చిన్న అక్షరాలతో రాయండి. వచ్చే ఏడు దాని పక్కన ఇంకో పేరు రాయడానికి చోటు ఉంచండి.