ఆల్కాట్ బంగళాలో విశ్వకవి

మదనపల్లెకు టమాటాల పేరు రాకముందే గాలి పేరు ఉండేది. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తులో ఉన్న ఊరు. కడప ఎండల్లో మాడినవాళ్లకు ఇక్కడి సాయంత్రాలే సగం మందు. 1870 ప్రాంతంలో కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్లీ దగ్గర్లోని ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి విడిది కట్టుకున్నారు. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ కథ అక్కడి జనం నోట ఇంకా ఉంది, ఆమె గుడీ ఉంది. బోర్డుల మీద మాత్రం దొర పేరే నిలిచింది.

ఆ గాలి కోసమే 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం వెలిసింది. అదే ఏడాది దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టారు. ఒకరు ఊపిరితిత్తుల కోసం, ఇంకొకరు చదువు కోసం ఈ మెట్ట సీమకు రావడం మొదలైంది.

కళాశాలకు కుదురుగా నడిచే యోగం లేకపోయింది. హోంరూల్ ఉద్యమంలో విద్యార్థులు దిగారని మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు తీసేసింది. బిసెంట్ బృందం అడయారులో సొంతంగా నేషనల్ యూనివర్సిటీ పెట్టి మదనపల్లె కళాశాలను దాని కిందికి చేర్చింది. దానికి చాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్. కాబట్టి 1919 ఫిబ్రవరి నెలాఖరులో దక్షిణాది పర్యటనలో అలసి ఇక్కడికి వచ్చిన ఠాగూర్‌ను ఉత్త అతిథి అనడం సరికాదు. ఒక రకంగా తన కళాశాలకే వచ్చారు.

పిలిచింది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండు కవి, దివ్యజ్ఞాన సమాజస్థుడు. విడిది కళాశాల ఆవరణలోని ఆల్కాట్ బంగళా, సమాజ స్థాపకుల్లో ఒకరైన కర్నల్ ఆల్కాట్ పేరు మీద ఉన్నది. అప్పట్లో విద్యార్థులు వారానికోసారి సాయంత్రం పాటలకు, వినోదానికి కూడేవారు. ఆ కూడికలో ఠాగూర్ తానూ ఒక పాట పాడతానని ‘జన గణ మన’ ఎత్తుకున్నారు. బెంగాలీ తెలియని పిల్లలకు మాటలు అందకపోయినా పల్లవి పట్టుబడింది, గొంతు కలిపారు.

తర్వాతి రోజుల్లో రెండు పనులు జరిగాయి. సంగీతంలో పట్టా ఉన్న జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసను పాశ్చాత్య పద్ధతిలో స్వరపరిచి కాగితం మీద పెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ పాటను ఇంగ్లీషులోకి తెచ్చి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, తన చేత్తో రాసి సంతకం చేశారు. మార్చి 2న వెళ్లిపోయారు. జేమ్స్ కజిన్స్ ఆ పాటను కళాశాల ప్రార్థనగీతం చేశారు; జాతీయగీతంగా దాన్ని స్వీకరించడానికి, అంటే 1950 జనవరి 24కి, ఇంకా ముప్పై ఏళ్లుంది.

ఊళ్లో అభిమానం కొద్దీ ‘జాతీయగీతానికి బాణీ కట్టింది మదనపల్లెలోనే’ అంటుంటారు. అది కాస్త ఎక్కువే. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌లో పాడేనాటికే దానికి వరస ఉంది, అదీ ఠాగూర్‌దే. ఇక్కడ జరిగింది ఆ వరసకు స్వరలిపి. అది చిన్న పనేమీ కాదు, లేని గొప్ప తగిలించాల్సిన పనీ లేదు.

నేషనల్ యూనివర్సిటీ కాలం చెల్లింది. ఇక ఊరికి రావాలంటే, పాకాల–ధర్మవరం రైలు మార్గంలో మదనపల్లె రోడ్డు స్టేషన్ ఉంది, కానీ అది మదనపల్లెలో కాదు, సీటీఎం అనే ఊళ్లో. ఆల్కాట్ బంగళా చూడాలనుకున్నవాళ్లు అక్కడ దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి.